గదీ ఇస్తారు, కొండా చూపిస్తారు... మరి జీతం?

మీ రెజ్యూమెలో చివరి లైను ఒకసారి చూసుకోండి. మనలో చాలామందికి అది ‘హాబీస్’. బొమ్మలు వేయడం, ఫొటోగ్రఫీ, కథలు రాయడం... ఏదో ఒకటి రాసి వదిలేస్తాం. క్యాంపస్ ఇంటర్వ్యూలో దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. ఇంట్లో ఆ మాటెత్తితే ‘ముందు ఉద్యోగం చూసుకో, బొమ్మలు ఎక్కడికి పోతాయి’ అంటారు. ఆ మాటను చాదస్తం అని కొట్టిపారేయలేం. ఎడ్యుకేషన్ లోన్ కిస్తీలు ముందు పెట్టుకున్న ఇంట్లో అది లెక్క.

అయితే ఆ చివరి లైనునే మొదట చదివే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని ఆర్టిస్ట్ రెసిడెన్సీలు అంటారు. ఒక పాత చిత్రకారుడి ఇల్లు, ఒక చారిత్రక కట్టడం, ఒక నేషనల్ పార్కు... అక్కడ కొన్ని వారాలు ఉండటానికి మీకు గది ఇస్తారు. ఆ చోటును చూసి, తిరిగి, చదివి మీరు ఏదైనా తయారు చేయాలి. బొమ్మ కావచ్చు, ఫొటోలు కావచ్చు, కథ, పాట, డాక్యుమెంటరీ ఏదైనా కావచ్చు. స్నేహితుల గ్రూపుల్లో ఇలాంటి పిలుపులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. ‘బస ఫ్రీ’ అన్న ఒక్క ముక్క చూసి అప్లై చేసేసే ముందు, ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో, ఎవరికి పనికొస్తుందో, ఎవరిని బయటే నిలబెడుతుందో తెలుసుకోవాలి.

నా మాట ముందే చెప్పేస్తా. రెసిడెన్సీ మంచి అవకాశమే. కానీ గది మాత్రమే ఇచ్చి చేతిలో రూపాయి పెట్టకపోతే, అది ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగల పిల్లలకే అవకాశం. అమెరికాలో చాలా పార్కులది ఇదే పరిస్థితి. మన కోటలు, గుళ్లు, అడవుల దగ్గర ఈ పని మొదలుపెడితే ఆ లోపాన్ని కూడా దిగుమతి చేసుకోకూడదు.

500 డాలర్ల అప్పుతో మొదలైన కథ

అమెరికాలో పార్కులకూ కళాకారులకూ ఉన్న బంధం 1871 నాటిది. ఆ ఏడాది ఫెర్డినాండ్ హేడెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రభుత్వ సర్వే బృందంతో ఎల్లోస్టోన్ ప్రాంతానికి వెళ్లాడు. ఆ బృందంలో ఇద్దరు కళాకారులున్నారు. ఒకరు ఫొటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్, వయసు 28. ఇంకొకరు చిత్రకారుడు థామస్ మోరాన్, వయసు 34. నేల నుంచి ఎగజిమ్మే వేడినీళ్లు, రంగురంగుల లోయలు ఉన్నాయని అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లు చెబితే చాలామంది నమ్మలేదు. జాక్సన్ ఫొటోలు, మోరాన్ నీటిరంగుల బొమ్మలు వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ముందుకు వెళ్లాయి. 1872 మార్చి 1న ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు అయింది. తర్వాత మోరాన్ సుమారు 7 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పుతో వేసిన ఎల్లోస్టోన్ లోయ చిత్రాన్ని అమెరికా కాంగ్రెస్ 10,000 డాలర్లకు కొన్నది.

ఈ కథను మోటివేషన్ క్లాసుల్లో చెప్పడానికి చాలా బావుంటుంది. అక్కడ చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. ఆ ప్రయాణానికి మోరాన్ దగ్గర డబ్బు లేదు. నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు పెట్టుబడులు సమకూరుస్తున్న జే కుక్ అనే బ్యాంకర్ 500 డాలర్లు అప్పుగా ఇచ్చాడు. ఆ వైపు రైలు మార్గం వేస్తున్నవాళ్లకు పర్యాటకులు కావాలి, పర్యాటకులు రావాలంటే బొమ్మలు కావాలి. అంటే మొదటి రోజు నుంచీ ‘ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఎందుకు పెట్టుకుంటారు’ అనే ప్రశ్న ఈ పనిలో ఉంది. మోరాన్‌కు అప్పు పుట్టింది కాబట్టి ఆ చిత్రం మనకు మిగిలింది. అప్పు పుట్టనివాళ్లు ఎవరో, వాళ్లు ఏం వేసి ఉండేవారో మనకు తెలియదు.

ఇప్పుడు ఎలా నడుస్తోంది?

అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ కింద 400కు పైగా స్థలాలున్నాయి. అందులో అడవులు, లోయలే కాదు, యుద్ధభూములు, చారిత్రక ఇళ్లు కూడా ఉన్నాయి. వీటిలో పదుల సంఖ్యలో చోట్ల ఏళ్లుగా ఆర్టిస్ట్ రెసిడెన్సీలు నడిచాయి. కొలరాడోలోని రాకీ మౌంటెన్ పార్కు 1984లో ఈ కార్యక్రమం మొదలుపెట్టింది. విలియం అలెన్ వైట్ అనే పత్రికా సంపాదకుడు వేసవిలో ఉన్న క్యాబిన్‌లోనే ఆర్టిస్టులకు రెండేసి వారాలు బస ఇచ్చేవారు. మిషిగన్‌లోని ఐల్ రాయల్ అనే దీవి పార్కులో ఇచ్చే క్యాబిన్‌లో కరెంటు ఉండదు. మనలాంటివాళ్లకు ఫోన్ చార్జింగ్ గురించే మొదటి ఆలోచన వస్తుంది. అప్లికేషన్‌లో ‘ఇలాంటి చోట ఉండగలరా’ అన్నది నిజంగానే చూస్తారు.

కనెక్టికట్ రాష్ట్రంలో వీర్ ఫామ్ అని ఒక చోటుంది. చిత్రకారుడు జూలియన్ ఆల్డెన్ వీర్ 1882లో ఆ పొలాన్ని ఒక పెయింటింగ్, దాంతోపాటు 10 డాలర్లు ఇచ్చి తీసుకున్నాడు. ఆయన, ఆయన స్నేహితులు అక్కడ బొమ్మలు వేసుకున్నారు. 1990లో అది జాతీయ చారిత్రక స్థలం అయింది. అక్కడ కూడా ఆర్టిస్టులకు బస ఇచ్చే పద్ధతి నడిచింది. చారిత్రక ఇంటిని అద్దాల వెనక బొమ్మలా పెట్టకుండా, అది ఏ పనికి పుట్టిందో ఆ పని అక్కడ జరగనివ్వడం అన్నమాట.

నియమాలు పార్కును బట్టి మారతాయి గానీ, మామూలుగా ఉండేవి ఇవి. ఉండేది రెండు నుంచి నాలుగు వారాలు. బస ఉచితం. తిండి, ప్రయాణం, సామగ్రి మీవే. ఉన్నన్నాళ్లలో సందర్శకులకు ఒక టాకో, వర్క్‌షాపో ఇవ్వాలి. వెళ్లాక, అక్కడి అనుభవం నుంచి తయారైన ఒక పనిని పార్కుకు ఇవ్వాలి. స్టైపెండ్ కొన్ని చోట్ల ఉంటుంది, చాలాచోట్ల ఉండదు. కొన్ని చోట్ల అప్లికేషన్‌కే ఫీజు ఉంటుంది. చాలా పిలుపులు డిగ్రీ ఏమిటని పట్టుబట్టవు. మీ పని నమూనాలు, ఆ స్థలంలోనే ఎందుకు చేయాలనుకుంటున్నారో చెప్పే ప్రతిపాదన చూస్తారు. బడ్జెట్‌ను బట్టి కార్యక్రమాలు ఆగుతాయి, మళ్లీ మొదలవుతాయి. కాబట్టి ఫార్వర్డ్ మెసేజ్‌ను కాకుండా ఆ పార్కు సొంత వెబ్‌సైట్‌లో ఈ ఏడాది ఏముందో చూసుకోండి.

ఆఫర్ లెటర్‌లా చదవండి

ఉద్యోగం ఆఫర్ వస్తే మనం ఏం చేస్తాం? సీటీసీ ఎంత, చేతికి వచ్చేది ఎంత, బాండ్ ఉందా, నోటీస్ పీరియడ్ ఎంత... ఒక్కో లైను పట్టి చూస్తాం. సీనియర్లకు పంపి అడుగుతాం. కళ అనగానే ఆ తెలివి పక్కన పెట్టేస్తాం. ‘ఎంపికయ్యారు’ అన్న మెయిల్ రాగానే సంతకం పెట్టేస్తాం. రెసిడెన్సీ కూడా ఒప్పందమే. మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: మొత్తం ఖర్చు ఎంత? ప్రయాణం, తిండి, సామగ్రి, ఇన్సూరెన్స్, ఆ నెల రోజులు ఇక్కడ కట్టాల్సిన అద్దె, పోయే జీతం... ఒక ఎక్సెల్ షీట్‌లో వేయండి. ‘ఫ్రీ’ అన్న మాట ఆ షీట్ చివర్లో ఎంత అంకెగా మారుతుందో చూడండి. ఆ అంకె ఇంట్లోవాళ్లకు చూపించగలిగితేనే ముందుకెళ్లండి. గదికి అద్దె తీసుకుంటూ దానికి రెసిడెన్సీ అని పేరు పెట్టినవి కూడా ఉంటాయి. అది తప్పని అనను. కానీ అది ఎంపిక కాదు, బుకింగ్. రెండింటికీ తేడా తెలిసి డబ్బు కట్టండి.

రెండోది: చేసిన పని ఎవరిది? ఒక పెయింటింగ్ ఇవ్వడం వేరు, దాని మీద హక్కులన్నీ రాసివ్వడం వేరు. ఫొటోలు, వీడియో, సౌండ్ రికార్డింగ్ చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కాపీరైట్ మీ దగ్గరే ఉండి, వాళ్లు ప్రదర్శనకూ ప్రచారానికీ వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నారా? లేక అన్నీ వదులుకుంటున్నారా? రేపు అదే పనిని మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా? స్పష్టంగా లేకపోతే మెయిల్ చేసి అడగండి. అడిగితే అవకాశం పోతుందని భయపడొద్దు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట నెల రోజులు ఉండటం ఎలాగూ కష్టమే.

మూడోది: నా దగ్గర ఉన్న కాగితాలకు ఇది కుదురుతుందా? అమెరికాలో ఎంఎస్ చేస్తున్న తెలుగు విద్యార్థులకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని పార్కులు తమ పౌరులకో, అక్కడ స్థిర నివాసం ఉన్నవాళ్లకో మాత్రమే అవకాశం ఇస్తాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు స్టైపెండ్ తీసుకుంటే అది ఉద్యోగం కిందకు రావచ్చు. మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే ఒప్పుకోండి. నెల రోజుల కొండ గాలి కోసం వీసా చిక్కుల్లో పడటం ఎవరికీ మంచిది కాదు.

మన దగ్గర కొత్తేమీ కాదు

ఇదంతా విదేశీ ఫ్యాషన్ అనుకునేరు. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. 1844లో రాబర్ట్ గిల్ అనే సైనికాధికారిని అక్కడి చిత్రాలకు నకళ్లు వేయమని పంపారు. ఏళ్ల తరబడి ఆయన వేసిన నకళ్లలో చాలా భాగం 1866లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1909-11 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హామ్ అనే ఇంగ్లిష్ చిత్రకారిణి మళ్లీ ఆ పని తలపెట్టింది. కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ లాంటి కుర్రాళ్లు వచ్చారు. హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ వెళ్లి చేరారు. సయ్యద్ అహ్మద్ ఆ తర్వాత కూడా అజంతాతోనే ఉండిపోయాడు, అక్కడ క్యూరేటర్‌గా పనిచేశాడు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా నకళ్ల గ్యాలరీ ఉంది. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. కోచింగ్‌కు వచ్చినవాళ్లు ఒక ఆదివారం వెళ్లి చూడండి.

ఇంకో ఉదాహరణ ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. అయినా జనం పిలిచే పేరు కట్టించినవాడిది కాదు, శిల్పిది. నటరాజ రామకృష్ణ ఆ గుడి శిల్పాల్లోని నాట్య భంగిమలను పరిశీలించి, జాయప సేనాని రాసిన నృత్తరత్నావళిని దగ్గర పెట్టుకుని, ఆగిపోయిన పేరిణి శివతాండవాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు. ఈ రోజు పేరిణి నేర్చుకుంటున్న పిల్లలంతా ఒక కళాకారుడు ఒక చారిత్రక స్థలాన్ని ఓపికగా చూసినందుకు దొరికిన ఫలితమే. ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు బస్సులు వస్తున్నాయి, సెల్ఫీలు దిగుతున్నారు, సాయంత్రానికి వెళ్లిపోతున్నారు. నెల రోజులు అక్కడే ఉండి చూడాలనుకునే కుర్రాడికో అమ్మాయికో మనం ఏం ఏర్పాటు చేశాం?

దేశంలో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతిగా ఉండగా 2013లో రచయితలు, కళాకారులు రాష్ట్రపతి భవన్‌లో కొన్నాళ్లు ఉండే కార్యక్రమం మొదలైంది. ఆ తర్వాత కొత్త ఆవిష్కరణలు చేసినవాళ్లకూ అక్కడ చోటిచ్చారు. అంటే ఇంజినీరింగ్ బుర్రలకు కూడా. హంపికి దగ్గర్లో, బళ్లారి వైపు, ఒక ఉక్కు సంస్థకు చెందిన ఫౌండేషన్ 2024లో హంపి ఆర్ట్ ల్యాబ్స్ తెరిచింది. కళాకారులు ఉండి పని చేసుకునే స్టూడియోలు అందులో ఉన్నాయి. విజయనగర చరిత్రలో తెలుగువాళ్లకు ఎంత వాటా ఉందో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ సాధ్యమైంది లేపాక్షిలో, గోల్కొండలో, నాగార్జునకొండ దగ్గర ఎందుకు సాధ్యం కాదు?

‘డబ్బుల్లేవు’ అన్న జవాబు

ఈ ప్రశ్న వేయగానే వచ్చే జవాబు నాకు తెలుసు. ‘ఉన్న కట్టడాలకు కాపలాదారులే సరిపోవడం లేదు, పైకప్పు కారుతుంటే బొమ్మలేసేవాళ్లకు బసా?’ సరైన అభ్యంతరమే. కారే కప్పు ముందు బాగుచేయాలి. కానీ రెసిడెన్సీకి కొత్త భవనం అక్కర్లేదు. నిజానికి కట్టనివ్వరు కూడా. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి చుట్టూ 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది. కాబట్టి ఉన్న గదులే వాడుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక సంస్థలకూ ఇలాంటి స్థలాలకు దగ్గర్లో హరిత హోటళ్లు ఉన్నాయి. పర్యాటకులు తక్కువగా వచ్చే నెలల్లో ఒక్కో హోటల్‌లో ఒక్క గది ఒక కళాకారుడికి ఇస్తే చాలు, పని మొదలవుతుంది.

ఇక స్టైపెండ్. వారసత్వ కట్టడాల దగ్గర తాగునీరు, టాయిలెట్లు, లైటింగ్ లాంటి సదుపాయాల కోసం కంపెనీలను కలుపుకోవడానికి కేంద్రం 2017లో ‘అడాప్ట్ ఎ హెరిటేజ్’ పథకం తెచ్చింది. దాతలు లైట్లకు డబ్బు ఇవ్వగలిగినప్పుడు, ఆ లైటు కింద కూర్చుని పనిచేసే మనిషికి నెల భత్యం ఇవ్వమని ఎందుకు అడగకూడదు? ఒక ఫ్రెషర్‌కు ఇచ్చే నెల జీతమంత ఇస్తే చాలు. అది లేకుండా గది మాత్రమే ఇస్తే, ఇంట్లో అద్దెకు లోటు లేనివాళ్లే వస్తారు. వాళ్లు చూసిందే ఆ స్థలం కథ అవుతుంది.

ఇది చిన్న విషయం కాదు. ఎల్లోస్టోన్‌నే తీసుకోండి. మనుషులు తాకని ప్రకృతి అన్న పేరు దానికి వచ్చింది. కానీ అక్కడ మూలవాసులు వేల ఏళ్లుగా తిరిగారు, వేటాడారు, బతికారు. ఇప్పుడు 27 తెగలకు ఆ నేలతో సంబంధం ఉందని పార్కే అధికారికంగా చెబుతోంది. ఎవరు గీస్తారు అన్నదాన్ని బట్టి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్నది మారుతుంది. రేపు నల్లమలలో రెసిడెన్సీ పెడితే అక్కడికి నగరం నుంచి కెమెరాతో వెళ్లేవాళ్లే ఉండాలా, అడవిని పేరుపేరునా తెలిసిన చెంచు కుటుంబంలోని అమ్మాయి కూడా ఉండాలా? ఆమె రావాలంటే గది చాలదు. ఆ నెల రోజుల కూలి కూడా చేతికి రావాలి.

మీరు ఇప్పుడే చేయగలిగినవి

ఉద్యోగ ప్రయత్నం ఆపమని నేను చెప్పడం లేదు. రెసిడెన్సీ చేస్తే జాబ్ గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కానీ దానికి అప్లై చేయడానికి చేసే తయారీ ఎక్కడికీ పోదు. ఒక చోటును పరిశోధించి, చేయబోయే పనిని ఒక పేజీలో రాసి, గడువులోగా పూర్తిచేసి, తెలియనివాళ్ల ముందు నిలబడి వివరించడం... గేమ్ డిజైన్, యూఎక్స్, కంటెంట్, మ్యూజియం ఏ రంగంలోనైనా ఇంటర్వ్యూలో చూపించగల పని ఇది.

కాబట్టి మీ ఊరికి దగ్గర్లో ఉన్న ఒక చారిత్రక స్థలం ఎంచుకోండి. దిగుడు బావి అయినా సరే, పాడుబడ్డ గడీ అయినా సరే. నెలకు రెండు ఆదివారాలు వెళ్లండి. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడమైతే ట్రైపాడ్, డ్రోన్ లాంటివాటికి అనుమతి కావాలి, ముందే అడగండి. అక్కడి కాపలాదారుతో, పూజారితో, పక్కన టీకొట్టు నడిపే అమ్మతో మాట్లాడండి. గోడల మీద పేర్లు చెక్కినవాళ్లు ఉంటారు, మీరు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆరు నెలలకు పది మంచి బొమ్మలో, ఇరవై నిమిషాల ఆడియోనో, ఐదు వ్యాసాలో చేతిలో ఉంటాయి. అదే మీ పోర్ట్‌ఫోలియో. ‘నాకు ప్రకృతి అంటే ఇష్టం’ అని రాసే వందల అప్లికేషన్ల మధ్య ‘ఈ బావి మెట్ల మీద ఆరు నెలలు పనిచేశాను, మీ దగ్గర ఈ పని చేయాలనుకుంటున్నాను’ అన్న అప్లికేషన్ వేరుగా కనిపిస్తుంది.

ఇంకో పని కూడా చేయండి. మీ జిల్లా పర్యాటక అధికారికి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏ స్థలం, ఏ నెలలు, ఏ గది, ఎంత భత్యం, బదులుగా కళాకారుడు ఊరి బడికి ఏం ఇస్తాడు... ఈ ఐదు వివరాలు చాలు. కాలేజీ ఆర్ట్స్ క్లబ్ తరఫున పంపితే ఇంకా మంచిది. మొదటి ఉత్తరానికి జవాబు రాకపోవచ్చు. అలాంటివి అన్ని జిల్లాల నుంచీ వెళితే ఎవరో ఒక అధికారి బల్ల మీద ఆగుతుంది. భత్యం ఎంతో రాసే గడిని మాత్రం ఖాళీగా వదలొద్దు. ‘బస ఇస్తే చాలు’ అని మనమే రాస్తే, ఇచ్చేవాళ్లు అంతకంటే ఎక్కువ ఇవ్వరు.